నాన్న సినిమా చూసి మూడు రోజులు ఏడ్చిన అమ్మాయికి

అడిగిన విషయం క్లుప్తంగా ఇది: "నాకు 26 ఏళ్లు. మాది కావలి. చెన్నైలో పెరుంగుడి దగ్గర హాస్టల్లో ఉండి ఉద్యోగం చేస్తున్నాను. పోయిన శనివారం రాత్రి ఫోన్లో 'ఆకాశమంత' చూశాను. మొదట్లో నవ్వుతూనే చూశాను. పార్కులో కూర్చుని ప్రకాష్‌రాజ్ వాళ్లమ్మాయి గురించి చెప్తుంటే ఒక చోట ఏడుపు మొదలైంది, ఆగలేదు. మర్నాడు బస్సులో, సోమవారం ఆఫీసులో కూడా వచ్చింది. రూమ్మేట్లు ఓవరాక్షన్ అన్నారు. మా నాన్న బాగానే ఉన్నారు. ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యారు. మా మధ్య గొడవల్లేవు, అలాగని చనువూ లేదు. ఫోన్ చేస్తే 'తిన్నావా? ఉండు, అమ్మకిస్తా' అంటారు, అంతే. ఆ సినిమా నాన్నకీ మా నాన్నకీ పోలికే లేదు. మరి నాకెందుకింత ఏడుపు? నాకేమైనా అయిందా? ఆయనకి ఫోన్ చేసి ఏమైనా చెప్పాలా?"

అమ్మా, నా కూతురికి నీకన్నా రెండేళ్లు ఎక్కువ, అందుకని నువ్వు అనే రాస్తాను. నీకేమీ కాలేదు. మూడు రోజుల ఏడుపు జబ్బు కాదు. మిగతా రెండు ప్రశ్నలకి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి.

నేను డాక్టర్ని కాను. ఇరవయ్యారేళ్లుగా ఇదే చెన్నైలో, సాలిగ్రామం, వడపళని చుట్టుపక్కల డబ్బింగ్ థియేటర్లలో తమిళ సినిమాలకి తెలుగు మాటలు రాస్తున్నాను. తండ్రీకూతుళ్ల కథలు చాలానే నా చేతి మీదుగా వెళ్లాయి. ఒక్కో సీన్ నలభైసార్లు, యాభైసార్లు వెనక్కి తిప్పి చూడాల్సిన పని ఇది. అన్నిసార్లు చూశాక కూడా ఏడిపించే చోటు ఒకటి ఉంటుంది. అది ఏ చోటో, ఎందుకో నాకు నెమ్మదిగా తెలిసింది.

నువ్వు చూసిన సినిమాకి నేను పనిచేయలేదు. ప్రేక్షకురాలిగానే చెప్తున్నాను. రాధామోహన్ తీసిన కథ అది. 2008 డిసెంబర్లో తమిళంలో వచ్చింది, 2009లో తెలుగులో వచ్చింది. రెండింటిలోనూ తండ్రి ప్రకాష్‌రాజ్, కూతురు త్రిష. పార్కులో కూర్చుని వినే ఆయన మాత్రం మారాడు: తమిళంలో పృథ్వీరాజ్, తెలుగులో జగపతిబాబు. ఆ వినే మనిషి కథలో చేసే పని పెద్దగా ఏమీ ఉండదు. ఆయనకీ ఒక చిన్న పాప ఉంటుంది, పక్కన కూర్చుని వింటాడు. అంతమాత్రానికి పేరున్న నటుణ్ణి ఎందుకు పెట్టుకున్నారని నేను అప్పట్లో అనుకున్నాను. సినిమా మొత్తం ఆ ఏర్పాటు మీదే నిలబడి ఉందని రెండోసారి చూసినప్పుడు అర్థమైంది.

ఆ తండ్రి తన కూతురి గురించి ఎవరికి చెప్తున్నాడో చూడు. స్కూల్లో దింపిన రోజు తను పడ్డ బెంగ, ఢిల్లీకి చదువుకి పంపలేక పంపడం, ఒక సిక్కు కుర్రాణ్ణి ప్రేమించానని ఆమె వచ్చి చెబితే తట్టుకోలేకపోవడం, తర్వాత మెల్లగా దిగిరావడం, ఇదంతా ఆయన చెప్తున్నది దారినపోయే మనిషికి. సినిమాలో అంత ధారాళంగా మాట్లాడే తండ్రి కూడా అసలు మాట చెప్పుకోవడానికి ఇంకో తండ్రినే వెతుక్కున్నాడు. నీకు పార్కు సీన్లోనే ఏడుపు వచ్చిందన్నావు చూడు, అది యాదృచ్ఛికం అనుకోను. "ఆ సినిమా నాన్నకీ మా నాన్నకీ పోలికే లేదు" అని రాశావు. ఆ ఒక్క చోట ఇద్దరూ ఒకటే. మీ నాన్నగారు కూడా నీ గురించి కావలిలో ఎవరికో ఒకరికి చెప్తూనే ఉంటారు. డిపోలో పాత స్నేహితుడికో, టీకొట్టు దగ్గరో. నీకు మాత్రం "తిన్నావా?" అన్నదే చేరుతుంది. మిగతాదంతా ఎక్కడో వేరే చెవుల్లో పడుతోందని నీలో ఒక భాగానికి ముందే తెలుసు. సినిమా దాన్ని తెర మీద చూపించింది.

ఇక సినిమా వాళ్లం చేసే పని గురించి కొంచెం చెప్పాలి. ఏడుపు ఊరికే రాదు, దాన్ని కట్టుకుంటూ వస్తారు.

తమిళం నుంచి తెలుగుకి వచ్చే తండ్రీకూతుళ్ల సినిమాలో మొట్టమొదటి తలనొప్పి "నాన్న" అనే మాటే. తమిళంలో కూతురు "అప్పా" అంటుంది. "ప్ప" దగ్గర రెండు పెదాలూ మూతపడతాయి. మన "నాన్నా"లో పెదాలు ఎక్కడా కలవవు. ప, ఫ, బ, భ, మ వచ్చినప్పుడే పెదాలు కలుస్తాయి. కాబట్టి క్లోజప్‌లో ఆ పిల్ల పెదాలు మూసి తెరిచిన చోట "నాన్నా" అని వేస్తే లిప్ కుదరదు. ప్రేక్షకుడికి కారణం తెలియకపోయినా ఏదో అబద్ధం ఉందని కన్ను పట్టేస్తుంది. మేం చేసే పని ఏమిటంటే, దూరం నుంచి తీసిన షాట్‌లోకో, భుజం మీదుగా తీసే సజెషన్ షాట్‌లోకో, ఆ పిల్ల మొహం తిప్పుకున్న క్షణంలోకో "నాన్నా"ని జరుపుతాం. క్లోజప్‌లో పెదాలు కలిసే చోట "అబ్బా" అనో, "మరి" అనో, "చెప్పు" అనో ఇంకేదో కూర్చుతాం. అలా తమిళంలో ఇరవైసార్లు పిలిచిన పిల్ల తెలుగులో పదకొండుసార్లే పిలుస్తుంది.

తండ్రి వైపు నుంచి ఈ గొడవ లేదు. తమిళంలో తండ్రి కూతుర్ని "అమ్మా" అంటాడు. మనమూ "ఏమ్మా", "రామ్మా" అంటాం. పెదాలు సరిగ్గా కూర్చుంటాయి. కూతుర్ని అమ్మ అని పిలిచే అలవాటు రెండు భాషల్లోనూ ఉండటం నాకు మొదట్లో లిప్ కుదిరే సౌకర్యంగానే కనిపించింది. తర్వాత ఆలోచిస్తే గుండె బరువెక్కింది. నన్ను చూసుకోమని, నన్ను కోప్పడమని ఆ మనిషి చిన్నపిల్లకి ముందే అధికారం ఇచ్చేస్తున్నాడు. మీ నాన్న నిన్ను ఏమని పిలుస్తారో రాయలేదు. "ఏమ్మా, తిన్నావా" అనే అయ్యుంటుంది.

రెండోది మౌనం. తండ్రి ఏమీ మాట్లాడని షాట్లకి కూడా మేం గొంతు ఇవ్వాలి. ఊపిరి పీల్చడం, గుటక మింగడం, మాట నోటిదాకా వచ్చి ఆగిపోవడం, వీటిని రియాక్షన్లు అంటాం, విడిగా రికార్డు చేస్తాం. మంచి డబ్బింగ్ ఆర్టిస్టు ఎవరో డైలాగుల్లో తెలియదు, ఇక్కడ తెలుస్తుంది. బాగా తెలిసిన దర్శకుడైతే రీరికార్డింగ్‌లో ఆ చోట సంగీతం తగ్గించేస్తాడు, ఒక్కోసారి పూర్తిగా తీసేస్తాడు. వయొలిన్లు మోగుతుంటే ఆ తండ్రి బాధ ఎంతో వాళ్లే చెప్పేస్తారు, మనం విని ఊరుకుంటాం. సంగీతం ఆగితే అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలోకి చూసేవాళ్ల ఇంటి మనిషి వచ్చి కూర్చుంటాడు. నువ్వు ఏడ్చింది ప్రకాష్‌రాజ్‌ని చూసి కాదని నేను నమ్ముతున్నాను. ఆ రెండు మూడు క్షణాల్లో అక్కడికి వచ్చి కూర్చున్నది గ్రీజు మరకల చేతులతో మీ నాన్న.

ఇది మా కాలం సినిమా వాళ్లు కనిపెట్టిందేమీ కాదు. కాళిదాసు కణ్వుడు శకుంతలను అత్తవారింటికి పంపే రోజున ఏమంటాడో తెలుసుగా. ఆపుకున్న కన్నీళ్లతో గొంతు పట్టేసింది, చూపు మొద్దుబారింది అంటాడు. అడవిలో ఉండే నాకే పెంచిన ప్రేమతో ఇంత బాధగా ఉంటే, కన్న కూతుళ్లను పంపే సంసారులు ఎలా తట్టుకుంటారో అంటాడు. ఏడ్చాడని కవి రాయలేదు, ఆపుకున్నాడని రాశాడు. మన పెళ్లిళ్లలో అప్పగింతల దగ్గర పాలలో పిల్ల చేతులు పెట్టి అప్పగిస్తుంటే మొదట ఏడ్చేది సాధారణంగా అమ్మ, పిన్ని, అత్త. తండ్రి పురోహితుడు చెప్పింది చేస్తూ ఉంటాడు. చూసేవాళ్లకి మాత్రం ఆయన్ని చూస్తేనే ఆగదు.

ఇంకో సంగతి చెప్తాను. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో పెద్ద ఆర్టిస్టులు పాత రోజుల గురించి చెప్పేవాళ్లు. ఫిల్మును చిన్న చిన్న లూపులుగా కత్తిరించి తెర మీద తిప్పేవాళ్లట, తండ్రి గొంతు, కూతురి గొంతు ఒకే మైకు ముందు పక్కపక్కన నిలబడి చెప్పేవాళ్లట. ఇప్పుడు ఎవరి ట్రాక్ వాళ్లది. తండ్రికి గొంతిచ్చే ఆయన మంగళవారం వచ్చి తన మాటలన్నీ చెప్పి వెళ్లిపోతాడు. కూతురికి చెప్పే అమ్మాయి శుక్రవారం వస్తుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు. హాల్లో జనాన్ని ఏడిపించే ఆ తండ్రీకూతుళ్లు ఎదురెదురుగా ఒక్క మాట కూడా మాట్లాడుకుని ఉండరు. ఇది రాస్తుంటే మా ఇల్లు గుర్తొస్తోంది.

మా నాన్నది నెల్లూరు జిల్లా. చెన్నైలో కొత్వాల్ చావిడిలో ఒక కూరగాయల మండీలో గుమాస్తా. 1996లో మార్కెట్ కోయంబేడుకి మారితే ఆయనా మారాడు. మేం కొరుక్కుపేటలో ఉండేవాళ్లం. అర్ధరాత్రి దాటాక లారీలు దిగే వేళకి వెళ్లి పొద్దున పదింటికి ఇంటికొచ్చేవాడు. అన్నం తిని పడుకునేవాడు. నేను డబ్బింగ్ రాస్తున్నానంటే మెచ్చుకోలేదు, వద్దనలేదు. నా పేరు టైటిల్స్‌లో మొదటిసారి పడిన రోజు ఇంటికొచ్చి చెబితే "సరే" అన్నాడు. సినిమా వాళ్లతో తిరుగుతున్నానని ఆయనకి సిగ్గుగా ఉందేమో అనుకున్నాను. నాలుగేళ్లు అలాగే అనుకున్నాను.

ఒకరోజు అమ్మ చెప్పింది. కొన్ని శుక్రవారాలు నాన్న పదింటికి వచ్చి పడుకోకుండా, పెరుగన్నం డబ్బా కట్టించుకుని మళ్లీ బయల్దేరేవాడట. మండీలో లెక్కల పని మిగిలిందని అమ్మతో అనేవాడు. చొక్కా ఉతకబోతే జేబులో సూళ్లూరుపేటకి లోకల్ ట్రైన్ టికెట్, దాంతోపాటు సినిమా టికెట్ సగం ముక్క దొరికాయి. మేం రాసే తెలుగు డబ్బింగులు చెన్నైలో ఎక్కడ ఆడతాయి? అందుకని కొరుక్కుపేటలో రైలెక్కి, రాష్ట్రం దాటి, దగ్గర్లో ఉన్న తెలుగు ఊరికి వెళ్లి మ్యాట్నీ చూసి వచ్చేవాడు. రాత్రంతా నిద్రలేని మనిషి. ఇదేమిటని అమ్మ అడిగితే "టైటిల్స్‌లో పిల్ల పేరు వేస్తున్నారు" అన్నాడట, అంతే.

అమ్మ చెప్పగానే నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. నాకు ముప్ఫై ఏళ్లు రాకముందు, ఈ పనిలో నిలబడతానో లేదో తెలియని రోజుల్లో, ఆ ఒక్క మాట నాకు కావాల్సి ఉండింది. అది సూళ్లూరుపేటలో ఏ టికెట్ చింపే కుర్రాడికో చెప్పి ఉంటాడు. నాకు చెప్పలేదు. ఈ కోపాన్ని నేను ఇప్పటికీ తప్పనుకోను. మన సినిమాలు తండ్రి మౌనాన్ని మరీ ఎక్కువగా పూజిస్తాయి. పిల్ల ఆకలి, జ్వరం, నెలసరి, పరీక్షలు, అన్నీ చూసుకున్న తల్లి తెర మీద వంటగదిలో వెనక్కి ఉండిపోతుంది, తండ్రి ఒక్కసారి కళ్లు తుడుచుకుంటే సినిమా మొత్తం ఆయనదైపోతుంది. నేనూ అలాంటివి రాశాను. మాట్లాడకపోవడం వల్ల పిల్లలకి నిజంగానే నష్టం జరుగుతుంది. నీ ఏడుపులో ప్రేమతోపాటు ఆ కోపం కూడా కొంత ఉండొచ్చు, ఉంటే ఉండనీ.

తర్వాత నేనేం చేశానంటే, పెద్దగా ఏమీ చేయలేదు. రాత్రి ఆయన మార్కెట్‌కి వెళ్లబోయే ముందు అన్నం తింటుంటే, "ఈ శుక్రవారం ఒకటి వస్తోంది నాన్నా. సూళ్లూరుపేటలో కూడా వేస్తున్నారట" అన్నాను. ఆయన చేయి కంచంలో ఆగింది. తలెత్తలేదు. కాసేపయ్యాక "మ్యాట్నీ ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను. ఆ తర్వాత ఇరవయ్యేళ్లలో ప్రతి సినిమాకీ మా ఇద్దరి మధ్యా ఈ రెండు మాటలూ నడిచాయి. ఇప్పుడు ఆయనకి ఎనభై మూడు, రైలెక్కలేడు. ఏ ఊళ్లో వేస్తున్నారని మాత్రం అడుగుతాడు.

ఫోన్ చేసి ఏమైనా చెప్పాలా అన్నావు. "ఐ లవ్ యూ నాన్నా" అని మాత్రం చెప్పకు. చెప్పడం తప్పని కాదు. ఆయనకి తిరిగి ఏమనాలో తెలియదు, కంగారుపడి ఫోన్ అమ్మకిచ్చేస్తారు, నువ్వు ఇంకో మూడు రోజులు ఏడుస్తావు. మాటలు రాసేదాన్నిగా నా అనుభవం చెప్తాను: ఇలాంటి తండ్రి పాత్రని "నీకెలా అనిపించింది?" అని అడిగితే సీన్ చచ్చిపోతుంది. "ఏ బస్సెక్కావు?" అని అడిగితే మాట్లాడతాడు. నిన్ను మొదటిసారి హాస్టల్లో దింపిన రోజు గుర్తుందా? ఆ రోజు ఆయన వెనక్కి ఎలా వెళ్లారో నీకు తెలుసా? బస్సులోనా, సెంట్రల్‌కి వెళ్లి రైల్లోనా? దారిలో ఏమైనా తిన్నారా? ఇంటికి చేరేసరికి ఎంతయింది? ఇవి అడుగు. ఆర్టీసీ మెకానిక్ కాబట్టి బస్సు కండిషన్ గురించి కూడా చెప్తారు, చెప్పనీ. గేర్‌బాక్స్ గురించి చెప్తూ చెప్తూ మధ్యలో ఎక్కడో ఒక వాక్యం జారిపడుతుంది. దాన్ని పట్టుకుని లాగకు. విని ఊరుకో. "అమ్మకిస్తా" అనే లోపే అడగాలి కాబట్టి "తిన్నాను" అన్న వెంటనే మొదలుపెట్టు.

ఆయన ఏమీ చెప్పకపోవచ్చు కూడా. మొదటిసారి మా నాన్నకి "మ్యాట్నీ ఉందా" అనడానికి నాలుగేళ్లు పట్టింది, అదీ నేను కదిలిస్తేనే.

ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. అందరి ఇళ్లలోనూ మౌనం వెనక ప్రేమ ఉండదు. తాగి కొట్టిన తండ్రి, వదిలేసి వెళ్లిన తండ్రి ఉన్నవాళ్లు కూడా ఇలాంటి సినిమాలకి ఏడుస్తారు. మా థియేటర్లో సౌండ్ ఇంజనీరుగా పనిచేసిన ఒక అబ్బాయి అలాంటి రీలు వచ్చినప్పుడల్లా లేచి బయటికి వెళ్లేవాడు. వాళ్లు ఏడ్చేది తమకి దొరకని తండ్రి కోసం. అలాంటివాళ్లు సినిమా చూసిన ఊపులో ఫోన్ చేసి రాజీ పడాల్సిన అవసరం ఏమీ లేదు. అలాగే, ఏడుపు రెండు వారాలు దాటినా, నిద్ర, తిండి, పని దెబ్బతింటున్నా అది సినిమా సంగతి కాదు. టెలీ మానస్ అని మనసు బాగోలేనివాళ్ల కోసం పెట్టిన ఫోన్ హెల్ప్‌లైన్ ఉంది, నంబర్ 14416, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. నువ్వు రాసినదాన్ని బట్టి నీకు ఇప్పుడు ఆ అవసరం కనిపించడం లేదు. అవసరమనిపిస్తే మొహమాటపడకు.

రూమ్మేట్ల మాట పట్టించుకోకు. వాళ్లలో ఒకరు వచ్చే నెల ఇంకో సినిమాకి బాత్రూంలో కూర్చుని ఏడుస్తారు.

ఈసారి కావలి వెళ్లినప్పుడు పినాకినిలో వెళ్తే ఆయన స్టేషన్‌కి వస్తారనుకుంటాను. వస్తే బరువు లేదు, నేనే మోస్తానని అనకు. ఒక బ్యాగు ఆయన చేతికివ్వు. ఆ రోజు ఏ బస్సెక్కారో తెలిశాక ఇక్కడ రాయి, చూస్తుంటాను.